డయాబెటిస్ ఇన్సిపిడస్ షుగర్ కాదు: ఆ పేరు ఎలా వచ్చింది, ఆసుపత్రిలో ఎందుకు జాగ్రత్తగా ఉండాలి

ముందు ఒక్క మాట. మీ చెల్లెలికి నీళ్ళు తగ్గించకండి. మిగతా సంగతులన్నీ దీని తర్వాతే.

పిట్యూటరీ (మెదడు కింద ఉండే చిన్న గ్రంథి) దగ్గర గడ్డ తీశారనీ, అప్పటినుంచి ఆ అమ్మాయి రోజుకి ఏడెనిమిది లీటర్ల నీళ్ళు తాగుతోందనీ, రాత్రి నాలుగైదు సార్లు లేస్తోందనీ రాశారు. డిశ్చార్జి కాగితంలో ‘డయాబెటిస్ ఇన్సిపిడస్’ అని చూసి అత్తగారింట్లో అన్నం మాన్పించి రాగి సంకటి పెడుతున్నారట. అన్ని నీళ్ళు తాగబట్టే అంత మూత్రం పోతోందని మంచం పక్కన బాటిల్ కూడా తీసేస్తున్నారట. షుగర్ పరీక్ష రెండుసార్లు చేయిస్తే రెండుసార్లూ నార్మల్ వచ్చింది. ‘నార్మల్ అయితే మరి డయాబెటిస్ అని ఎందుకు రాశారు? ఇది షుగర్ మొదలవడమా?’ అని మీరు అడిగారు.

ఇది షుగర్ కాదు, షుగర్‌కి తొలిమెట్టూ కాదు. ఎన్నేళ్ళు గడిచినా ఇది ముదిరి షుగర్‌గా మారదు. రెండు జబ్బులకీ ఉన్న పోలికల్లా దాహం, మూత్రం. దాదాపు రెండు వేల ఏళ్ళ క్రితం గ్రీకు వైద్యులు ఆ పోలికను చూసి పెట్టిన పేరు ఈనాటికీ రెండు జబ్బులనీ ఒకే తాటికి కట్టి ఉంచింది. హార్మోన్ జబ్బుల విభాగంలో పనిచేసినన్నాళ్ళూ ఆ పేరు వల్ల రోగులు పడ్డ ఇబ్బందులు కళ్ళారా చూశాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

శరీరంలో జరిగేదేమిటో ముందు చెబుతాను. మన మూత్రపిండాలు రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో చాలా భాగం దారిలోనే తిరిగి రక్తంలోకి వెళ్ళిపోతుంది, చివరికి బయటికి వచ్చేది లీటరున్నరో రెండు లీటర్లో. ఆ చివరి దశలో ఎంత నీటిని వెనక్కి తీసుకోవాలో నిర్ణయించేది వాసోప్రెసిన్ అనే హార్మోన్. ఇది మెదడు అడుగున ఉండే హైపోథాలమస్‌లో తయారై, పిట్యూటరీ వెనక భాగంలో నిల్వ ఉండి, అక్కణ్ణుంచి రక్తంలోకి వస్తుంది. మూత్రపిండంలోని సన్నని నాళాల గోడలకి చేరగానే అక్కడ నీటి దారులు తెరుచుకుంటాయి. ఆక్వాపోరిన్లనే ఆ దారులను కనుగొన్నందుకే పీటర్ ఆగ్రేకి 2003లో రసాయనశాస్త్ర నోబెల్ వచ్చింది.

మీ చెల్లెలికి ఆపరేషన్ జరిగిన చోటే ఈ హార్మోన్ నిల్వ ఉండే చోటు. అక్కడ దెబ్బ తగిలితే హార్మోన్ తగ్గుతుంది, నీటి దారులు తెరుచుకోవు, వెనక్కి రావాల్సిన నీళ్ళు మూత్రంగా పోతాయి. హార్మోన్ బొత్తిగా లేనివాళ్ళలో రోజుకి పది లీటర్లు దాటి పోవడం కూడా ఉంది. ఒంట్లో నీళ్ళు తగ్గి రక్తంలో సోడియం (ఉప్పు పాళ్ళు) పెరుగుతుంది, మెదడు దాహం పుట్టిస్తుంది, మనిషి తాగుతుంది. అంటే మూత్రం పోతోంది కాబట్టి తాగుతోంది. అత్తగారింట్లో అనుకుంటున్నది సరిగ్గా దీనికి తలకిందులు. దాహమే ఆ అమ్మాయిని ఇప్పుడు కాపాడుతోంది. నీళ్ళు అందకపోతే కొన్ని గంటల్లోనే సోడియం ప్రమాదకరంగా పెరిగి మగత, అయోమయం, ఫిట్స్ దాకా వెళ్ళవచ్చు.

షుగర్‌లో జరిగేది వేరు. రక్తంలో గ్లూకోజు సుమారు 180 దాటినప్పుడు మూత్రపిండాలు దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోలేవు. మూత్రంలోకి జారిన గ్లూకోజు తనతోపాటు నీటిని లాక్కుపోతుంది. అక్కడ లోపం ఇన్సులిన్‌ది, ఇక్కడ వాసోప్రెసిన్‌ది. గ్రంథులు వేరు, మందులు వేరు, తిండి నియమాలు వేరు. మీ చెల్లెలు అన్నం మానాల్సిన అవసరం ఏమీ లేదు. ఆపరేషన్ అయిన మనిషి, కడుపునిండా తిననివ్వండి.

ఇక పేరు సంగతి. గ్రీకులో ‘దియాబైనీన్’ అంటే గుండా దాటిపోవడం. దానినుంచి వచ్చిన ‘దియాబేతేస్’ అనే మాట సైఫన్ గొట్టానికీ వాడేవారు. రోమన్ సామ్రాజ్య కాలంలో, ఇప్పటి టర్కీ భూభాగంలో ఉన్న కప్పడోషియాకి చెందిన అరెటియస్ అనే వైద్యుడు గ్రీకులో రాసిన గ్రంథంలో ఈ జబ్బు వర్ణన ఉంది. ఒళ్ళు, అవయవాలు కరిగి మూత్రంలోకి పోతాయనీ, రోగి క్షణం తీరిక లేకుండా మూత్రం పోస్తూనే ఉంటాడనీ, దాహం ఎంతకీ తీరదనీ, కాసేపు తాగకపోతే నోరు పిడచగట్టుకుపోతుందనీ రాశాడు. తాగిన నీళ్ళు శరీరాన్ని ఒక దారిగా వాడుకుని దాటిపోతున్నాయి కాబట్టి ఆ పేరు పెట్టారన్నాడు. ఒళ్ళు కరిగిపోవడం అన్న మాటను బట్టి ఆయన చూసినవి ఎక్కువగా నేటి షుగర్ కేసులే అయ్యుంటాయని నా అభిప్రాయం. వాసోప్రెసిన్ లోపం ఉన్నవాళ్ళు నీళ్ళు అందినంత కాలం అలా చిక్కి శల్యమవరు. కానీ ఆ పేరులో తీపి లేదు, చక్కెర లేదు. కనిపించిన లక్షణాన్ని ఉన్నదున్నట్టు చెప్పిన పేరది. అందుకే ఎక్కువ మూత్రం పోయే జబ్బులన్నీ దాంట్లో ఇమిడిపోయాయి.

ఆ గ్రీకు మాట లాటిన్‌లోకి వెళ్ళింది. యూరప్ విశ్వవిద్యాలయాల్లో వైద్యం శతాబ్దాల పాటు లాటిన్‌లోనే చెప్పేవారు కాబట్టి అక్కణ్ణుంచి ఇంగ్లీషు, ఫ్రెంచి, జర్మన్, ఇటాలియన్, స్పానిష్ భాషలన్నిటికీ చేరింది. రెండు రకాలున్నాయని తేలడానికి చాలా కాలం పట్టింది. 1674లో ఇంగ్లండులో థామస్ విల్లిస్ రోగుల మూత్రం తేనె కలిపినట్టు తియ్యగా ఉందని రాశాడు. అప్పట్లో మూత్రాన్ని రుచి చూడటం కూడా పరీక్షలో భాగమే. 1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ మూత్రాన్ని మరిగించి ఆవిరి చేసి, అడుగున మిగిలింది చక్కెరే అని చూపించాడు. రోగి రక్తరసం కూడా తియ్యగానే ఉందని గమనించాడు. మూత్రం ఎక్కువగా పోతున్నా తీపి లేని రోగులు కొందరున్నారని ఆ శతాబ్దంలోనే స్పష్టమైంది. ఎడింబరోలో విలియం కల్లెన్, 1794లో యోహాన్ పీటర్ ఫ్రాంక్ ఈ తేడాను స్థిరపరిచారు. తీపి ఉన్నదానికి లాటిన్‌లో తేనె అనే మాటనుంచి ‘మెల్లిటస్’, తీపి లేనిదానికి చప్పన అని అర్థం వచ్చే ‘ఇన్సిపిడస్’ చేర్చారు. మీ చెల్లెలి కాగితం మీద ఉన్న రెండో మాట పుట్టింది అలాగే, నాలుక మీద.

వాళ్ళు చేసిన పని గొప్పది. తేడా ఉందని కనిపెట్టారు. కాకపోతే జబ్బుని విడదీసి, ఇంటిపేరు మాత్రం ఉమ్మడిగా ఉంచేశారు. ఆనాడు దానివల్ల నష్టమేమీ లేదు, రెండింటికీ మందు లేదు కాబట్టి. 20వ శతాబ్దంలో రెండింటికీ మందులు వచ్చాయి, పైగా షుగర్ ఇంటింటికీ తెలిసిన జబ్బయింది. అప్పటినుంచి ‘డయాబెటిస్’ అనే మాట వినగానే ఎవరికైనా తట్టేది చక్కెరే. రెండో మాట ఎవరి చెవికీ ఎక్కదు.

యూరప్ భాషలన్నీ దీన్ని ఒకేలా మోయలేదు, అది చూడదగిన విషయం. రష్యన్‌లో షుగర్‌ని ‘సాఖర్నీ దియబ్యెత్’ అంటారు, అంటే చక్కెర డయాబెటిస్. రెండోదాన్ని ‘నెసాఖర్నీ’ అంటారు, అంటే చక్కెర కానిది. ఆ ఒక్క ‘నె’ ఎంత పని చేస్తుందో చూడండి, రోగికైనా కాంపౌండరుకైనా వెంటనే తెలిసిపోతుంది. పోలిష్ భాష ఇంకా ముందుకెళ్ళింది. షుగర్‌కి చక్కెర నుంచి పుట్టిన ఒక మాట, ఇన్సిపిడస్‌కి మూత్రం నుంచి పుట్టిన ఇంకో మాట. రెండింటికీ పొంతనే లేదు, కాబట్టి గందరగోళమూ లేదు. ఫ్రెంచి, ఇటాలియన్, స్పానిష్ మాత్రం లాటిన్ జంటనే ఉంచుకున్నాయి. గ్రీసులో ఆ పాత మాట ‘దియవీతిస్’గా ఇంకా బతికే ఉంది, పైగా అక్కడి బడిపిల్లల జామెట్రీ బాక్సులో ఉండే వృత్తలేఖిని పేరు కూడా అదే! రష్యన్, పోలిష్, జర్మన్ భాషల్లో చక్కెరకి వాడే మాటలన్నీ వేర్వేరు దారుల్లో సంస్కృత ‘శర్కర’ నుంచి వెళ్ళినవే. మన చక్కెరకీ మూలం అదే.

మన వైద్యంలో ఈ తేడా కొత్త కాదు. చరకసంహితలో ప్రమేహాలు, అంటే మూత్రం తీరు మారే జబ్బులు, ఇరవై. అందులో మధుమేహం వాతం వల్ల వచ్చేది. కఫం వల్ల వచ్చే పదింటిలో ఉదకమేహం ఒకటి: నీళ్ళలా తేటగా, చల్లగా, వాసన లేకుండా పోయే మూత్రం. అదే ఇన్సిపిడస్ అని కొందరు రాస్తుంటారు. నేను అంత దూరం వెళ్ళను, ఆనాటి విభజన సూత్రాలు వేరు. అయినా తియ్యటి మూత్రాన్నీ నీళ్ళలాంటి మూత్రాన్నీ వేరే పేర్లతో పిలిచారు, ఆ స్పష్టత మనకి ఉంది. ఇప్పుడు మన ఇళ్ళల్లో మాత్రం డయాబెటిస్ అంటే షుగరే, వేరే అర్థం లేదు. ‘డయాబెటిస్ ఇన్సిపిడస్’ని తెలుగులోకి దించేటప్పుడు మధుమేహం అని రాసేస్తున్నవాళ్ళనీ చూశాను. తేనె లేని జబ్బుకి తేనె పేరు పెట్టడం అది. మీ ఇంట్లో చెప్పేటప్పుడు ఆ మాట అసలు వాడకండి. ‘నీళ్ళు నిలిపే హార్మోన్ తక్కువైంది’ అని చెప్పండి, పెద్దవాళ్ళకీ అర్థమవుతుంది.

ఇప్పుడు అసలు భయం. ఇలాంటి రోగి వేరే పనిమీద వేరే ఆసుపత్రిలో చేరినప్పుడు ప్రమాదం ఎదురవుతుంది. ఒక కేసు చెబుతాను, ఊరూ పేరూ అనవసరం. ఏళ్ళ తరబడి ఇదే జబ్బుతో బాగానే ఉన్న ఒకాయన కాలు విరిగి చేరాడు. మరునాడు ఆపరేషన్ కాబట్టి రాత్రినుంచి నోటికి ఏమీ ఇవ్వొద్దన్నారు. కేస్ షీట్ మీద పాత జబ్బుల వరుసలో ‘డీఐ’ (డయాబెటిస్ ఇన్సిపిడస్) అని ఉండాల్సిన చోట ‘డీఎం’ (డయాబెటిస్ మెల్లిటస్, అంటే షుగర్) అని పడింది. ఆరు గంటలకోసారి వేలు గుచ్చి షుగర్ చూశారు: 104, 98, 110. అన్నీ నార్మలే కాబట్టి ‘షుగర్ మందు’ ఆపేశారు. అది షుగర్ మందు కాదు, వాసోప్రెసిన్‌కి బదులుగా వాడే డెస్మోప్రెసిన్ మాత్ర. మధ్యాహ్నం నన్ను పిలిచేసరికి యూరిన్ బ్యాగు నిండి ఉంది, లోపల ఉన్నది కుళాయి నీళ్ళలా రంగే లేకుండా ఉంది. ఆయన నాలుక అంగిట్లో అతుక్కుపోయి మాట ముద్దగా వస్తోంది. సోడియం 158, ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువ. మంచం పక్కన ఆయన భార్య పొద్దుటినుంచీ వచ్చినవాళ్ళందరికీ చెబుతూనే ఉంది, ‘ఈయనకి షుగర్ కాదమ్మా, ఆ చిన్న మాత్ర వెయ్యకపోతే బతకడు’ అని. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. డయాబెటిస్ అన్న మాట ముందు ఆవిడ మాట చెల్లలేదు. మందిచ్చి, నీళ్ళు పట్టించి, సోడియం మెల్లగా దించాం. తొందరపడి దించినా మెదడుకి ముప్పే. ఆయన కోలుకున్నాడు.

ఇది మన దగ్గర మాత్రమే జరిగేది కాదు. బ్రిటన్‌లో ఇలాగే డెస్మోప్రెసిన్ ఇవ్వడం మరిచిపోవడం, ఆలస్యం చేయడం వల్ల తీవ్రమైన హాని, మరణాలు జరగవచ్చని 2016 ఫిబ్రవరిలో అక్కడి జాతీయ ఆరోగ్య సేవ ఆసుపత్రులన్నిటికీ హెచ్చరిక పంపింది. 2022లో అంతర్జాతీయంగా వెయ్యికి పైగా రోగులను అడిగితే, తమ జబ్బుని షుగర్ అనుకున్న సందర్భాలు ఉన్నాయని ప్రతి ఐదుగురిలో నలుగురు చెప్పారు. అదే ఏడాది హార్మోన్ వైద్యుల అంతర్జాతీయ సంఘాలు కలిసి పేరు మార్చాలని నిర్ణయించాయి. పిట్యూటరీ వైపు లోపమైతే ‘ఆర్జినిన్ వాసోప్రెసిన్ డెఫిషియెన్సీ’, అంటే వాసోప్రెసిన్ లోపం (ఆర్జినిన్ వాసోప్రెసిన్ అనేది ఆ హార్మోన్ పూర్తి పేరే). హార్మోన్ ఉన్నా మూత్రపిండం దాని మాట వినకపోతే ‘ఆర్జినిన్ వాసోప్రెసిన్ రెసిస్టెన్స్’. ఈ రెండో రకం లిథియం మందు చాలాకాలం వాడినవాళ్ళలోనూ, రక్తంలో కాల్షియం పెరిగినవాళ్ళలోనూ, కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనూ వస్తుంది. కొత్త పేర్లు అందరికీ అలవాటయ్యేదాకా పాత పేరు కూడా పక్కన రాయమన్నారు.

పేరు మార్చడం అనవసరమైన హడావిడి అన్న సహోద్యోగులు నాకున్నారు. నేను ఒప్పుకోను. ఈ హార్మోన్ నిర్మాణాన్ని తేల్చిన అమెరికా రసాయన శాస్త్రవేత్త విన్సెంట్ డు విన్యోకి 1955లో నోబెల్ వచ్చే నాటికే ఈ హార్మోన్‌లో ఏ తొమ్మిది అమైనో ఆమ్లాలు ఏ వరుసలో ఉన్నాయో తెలుసు. లోపం ఫలానా హార్మోన్‌ది అని తెలిశాక కూడా రుచిని బట్టి పెట్టిన పేరుని అంటిపెట్టుకుని ఉండటంలో అర్థం లేదు. కొత్త పేరు చదివితే చాలు, ఏం లోపించిందో, ఏం ఇవ్వాలో డ్యూటీ డాక్టరుకి తెలుస్తుంది.

కాబట్టి మీరు చేయాల్సిన పని ఒకటుంది. ఒక కార్డు మీద పెద్ద అక్షరాలతో, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇలా రాయించి, డాక్టరుగారి సంతకం తీసుకోండి: ‘ఆర్జినిన్ వాసోప్రెసిన్ డెఫిషియెన్సీ. ఇది షుగర్ వ్యాధి కాదు. డెస్మోప్రెసిన్ ఆపవద్దు. నోటికి నీళ్ళు ఇవ్వకూడని పరిస్థితి వస్తే వెంటనే హార్మోన్ వైద్యులను పిలవండి. సోడియం చూడండి.’ అది పర్సులో ఒకటి, ఫోనులో ఫొటోగా ఒకటి ఉండాలి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా, కాన్పుకి వెళ్ళినా చూపించాలి. మందుల షాపులో ‘ఇది పిల్లలు పక్క తడపకుండా ఇచ్చేది కదా’ అంటారేమో. నిజమే, దానికీ ఇదే మందు వాడతారు. కంగారుపడకండి, డోసు మీ డాక్టరు రాసినదే.

మందు మొదలుపెట్టాక జాగ్రత్త ఇంకో వైపు ఉండాలి. డెస్మోప్రెసిన్ పనిచేస్తున్నప్పుడు మూత్రం తగ్గుతుంది. అప్పుడు కూడా పాత అలవాటు కొద్దీ ఏడెనిమిది లీటర్లు తాగితే నీళ్ళు ఒంట్లో నిలిచిపోయి సోడియం పడిపోతుంది. తలనొప్పి, వాంతి వచ్చేలా ఉండటం, తికమకగా మాట్లాడటం దాని గుర్తులు. అలా అనిపిస్తే ఇంట్లో కూర్చోకుండా అదే రోజు సోడియం చేయించాలి. మందు వాడేటప్పుడు సూత్రం సులువు: దాహం వేస్తే తాగడం, వేయకపోతే బలవంతంగా తాగకపోవడం. వారానికి ఒకసారి ఒక డోసు కొంచెం ఆలస్యం చేసి, మూత్రం ఒకసారి ధారాళంగా పోయాక వేసుకోమని కొందరు డాక్టర్లు చెబుతారు. అది ఈ ప్రమాదం రాకుండా ఉండటానికే, కానీ మీ డాక్టరు చెబితేనే చేయండి.

ఆపరేషన్ తర్వాత వచ్చిన ఈ లోపం అందరికీ జీవితాంతం ఉండదు. చాలామందిలో కొద్ది రోజుల్లో, కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. కొందరిలో మాత్రం మొదట మూత్రం విపరీతంగా పోయి, మధ్యలో కొన్నాళ్ళు బాగా తగ్గిపోయి, మళ్ళీ మొదలవుతుంది. ఆ మధ్య దశలో మందు అదే మోతాదులో వేస్తే సోడియం పడిపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే మొదటి వారాల్లో సోడియం పరీక్షలు తరచుగా చేయించమంటారు, అవి మానకండి. హైడ్రోకార్టిసోన్ లాంటి స్టెరాయిడ్ కూడా రాసి ఉంటే అది అసలు ఆపకూడదు. కార్టిసాల్ (ఆ స్టెరాయిడ్ భర్తీ చేసే హార్మోన్) తక్కువగా ఉన్నప్పుడు ఈ జబ్బు దాగి ఉంటుంది, స్టెరాయిడ్ మొదలుపెట్టాక బయటపడుతుంది. ‘ఆ మాత్ర వల్లే మూత్రం ఎక్కువైంది’ అని ఎవరైనా చెబితే నమ్మి మానేయడం చాలా ప్రమాదం.

రెండు జబ్బులూ ఒకే మనిషికి రాకూడదని లేదు. వోల్‌ఫ్రామ్ సిండ్రోమ్ అనే అరుదైన జన్యు వ్యాధిలో రెండూ ఉంటాయి, చూపు, వినికిడి కూడా తగ్గుతాయి. మీ చెల్లెలి సంగతి అది కాదు, కారణం ఆపరేషనే అని స్పష్టంగా ఉంది. స్టెరాయిడ్ వాడుతుంటే మాత్రం డాక్టరు చెప్పినప్పుడు షుగర్ పరీక్ష చేయించండి.

మీరు రాసినదాంట్లో డెస్మోప్రెసిన్ ప్రస్తావన లేదు. డిశ్చార్జి కాగితంలో మందుల పట్టీ మరోసారి చూడండి. లేకపోతే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా రేపే ఫోన్ చేసి అడగండి. ఈలోగా మగతగా ఉన్నా, వాంతులై నీళ్ళు నిలవకపోయినా నేరుగా ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. 24 గంటలు ఎన్ని నీళ్ళు తాగింది, ఎంత మూత్రం పోసింది కొలజాడీతో కొలిచి, వేళలతో సహా ఒక కాగితం మీద రాసి తీసుకెళ్ళండి. సోడియం ఎంత వచ్చిందో, మందు ఏ వేళల్లో వేసుకోమన్నారో ఇక్కడ రాస్తే, డాక్టరుగారిని ఇంకా ఏమేం అడగాలో చెబుతాను.